పార్లర్‌లో చేరిన మేనకోడలికి

చిరంజీవి సునీతకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. వేళ్ల సందుల్లో, ఉంగరం కిందా ఎర్రబడి పొక్కులొచ్చాయి. డై వల్లేనని నువ్వంటున్నావు. నాకైతే ముందు నీళ్ల మీదే అనుమానం. కొత్తగా చేరిన పిల్లలకి హెడ్ వాష్‌లే అప్పజెబుతారు కదా. పూటంతా నీళ్లూ షాంపూ తగిలి చర్మంలో జిడ్డు పోయి పగుళ్లొస్తాయి. జర్మనీలో రోజుకి 2 గంటలు మించి చేతులు తడిలో ఉంటే అది చర్మానికి చెరుపు చేసే పనిగా లెక్క. నీకు ఆదివారం మధ్యాహ్నానికే అది దాటిపోతుంది. మీ మేడమ్‌తో మాట్లాడి వాష్‌లు అందరూ పంచుకునేలా చూడు. ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లు. గోరువెచ్చని నీళ్లే వాడు, వేళ్ల సందులు అద్ది తుడుచుకో, రాత్రి వాసన లేని క్రీమ్ మందంగా రాసుకో.

ఇక డై. అందులో పీపీడీ అనే రంగు పట్టించే రసాయనం ఉంటుంది. పగిలిన చర్మంలోంచి అది తేలిగ్గా లోపలికి పోతుంది. దానికి ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే మామూలుగా జీవితాంతం పోదు. బ్లాక్ హెన్నా ప్యాకెట్లలోనూ తరచూ ఉంటుంది, ఆకుపొడే కదా అని ఒట్టి చేత్తో కలపకు. డై డబ్బాలో వచ్చే పలచటి కవరు గ్లౌజులు మణికట్టు దగ్గర వదులుగా ఉండి రంగు లోపలికి కారుతుంది. మామూలు రబ్బరు గ్లౌజుల్లోంచి కూడా పీపీడీ దిగుతుంది. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేసినవి కొను. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో జత, అయ్యాక పారెయ్. కడిగి తిరగేసి వాడితే రంగుని నీ చేతికి నువ్వే పూసుకున్నట్టు. డబ్బు దండగ అని ఓనర్లు సణుగుతారు, సణగనీ. వీలైనప్పుడల్లా ముందు కటింగ్, తర్వాత కలర్ పెట్టుకో. అప్పుడే డై వేసిన జుట్టు కత్తిరిస్తే ఆ రంగంతా వేళ్లకే. బ్లీచ్ పౌడర్ దుమ్ము లేవకుండా మెల్లగా వంపు, అది చేతులకే కాదు, ఊపిరికీ మంచిది కాదు.

తామరేమో అని మెడికల్ షాపులో ట్యూబు అడక్కు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, రాసినన్నాళ్లు తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. పెద్దాసుపత్రి స్కిన్ ఓపీకి వెళ్లి, దేనికి ఎలర్జీయో తేల్చే ప్యాచ్ టెస్ట్ అడుగు. అనుమానమున్న పదార్థాల్ని పట్టీలతో వీపు మీద అంటించి 2 రోజులు ఉంచుతారు, అన్నాళ్లూ వీపు తడవకూడదు, కాబట్టి సెలవు ముందే చెప్పి పెట్టు. మీరు వాడే డై, బ్లీచ్ డబ్బాల లేబుళ్లు ఫోన్‌లో ఫోటో తీసి పట్టుకెళ్లు.

గ్లౌజుల సైజు రాయి, ఇక్కడ హోల్‌సేల్‌లో తీసుకుని పంపిస్తాను.

మీ అత్త