మా అమ్మమ్మ మంత్రసాని, నా కాన్పు ఆసుపత్రిలో

మీకు ఏడో నెల, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మగారు మంత్రసాని పద్ధతులు చెబుతున్నారు, డాక్టరమ్మ అవేవీ వద్దంటున్నారు, ఎవరి మాట వినాలని కదా అడిగారు. నాలుగేళ్ల కిందట నాదీ ఇదే చిక్కు. పైగా మా అమ్మమ్మ స్వయంగా మంత్రసాని.

ఇంట్లో కాన్పు మాత్రం వద్దు. నాతో ఈ మాట మొదట అన్నది అమ్మమ్మే. "బిడ్డ అడ్డం తిరిగితే చేతికి తెలిసేది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే బండి కట్టించడం తప్ప నా చేతిలో ఏముందమ్మా" అంది. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే రక్తస్రావం అదుపులో ఉండేలా తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు.

అలాగని అమ్మమ్మకు తెలిసినదంతా పారేసేది కాదు. నొప్పులు పడే మనిషిని ఆమె వెల్లకిలా పడుకోబెట్టేది కాదు. నడిపించేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోమనేది. నేను మొదట చూపించుకున్న చోట ప్రసవ గదిలోకి ఎవరినీ రానివ్వం అన్నారు. అందుకే మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు) ఉన్న ఆసుపత్రికి మారాను. నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మమ్మ రెండు అరచేతులతో నా నడుము కింద గట్టిగా అదిమేది, తగ్గగానే చేతులు తీసేది. మిడ్‌వైఫ్ కాసేపు చూసి, "అమ్మా, ఇంకొంచెం కిందికి" అంటూ తన చేయి పక్కన ఆనించింది. ఆ తర్వాత ఇద్దరూ వంతులు వేసుకున్నారు. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాకే కోయాలనేది అమ్మమ్మ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కనీసం ఒక నిమిషం ఆగమంటోంది.

బిడ్డ నోట్లో తేనె, బొడ్డుకు పసుపు, సాంబ్రాణి పొగ, బాలింతకు మంచినీళ్లు తగ్గించడం, వీటికి నేను ఒప్పుకోలేదు. ముర్రుపాలు పిండి పారబోయమన్న మా పెద్దమ్మతో పెద్ద గొడవే అయింది (ఇప్పటికీ గుర్తుచేస్తుంది). శొంఠి, బెల్లం, నెయ్యి వేసిన కాయం మాత్రం డాక్టరమ్మకు చెప్పి తిన్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అవసరమైన ఆపరేషనుకు వెనకాడవద్దు, కానీ నొప్పుల్లో నడవనిస్తారా, తోడు ఉండనిస్తారా, మిడ్‌వైఫ్ ఉందా అని ఎనిమిదో నెల దాటకముందే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా అడగండి: తెలంగాణలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ 2017లోనే మొదలైంది.

వెళ్లేటప్పుడు అమ్మమ్మగారిని వెంట తీసుకెళ్లండి. మా అమ్మమ్మ ప్రసవ గది అంతా కలియజూసి, "తాడు ఎక్కడ కడతారమ్మా?" అని అడిగింది. మిడ్‌వైఫ్ నవ్వి గోడకున్న కమ్మీ చూపించింది. అమ్మమ్మ దాన్ని పట్టుకుని రెండుసార్లు లాగి చూసింది.