జియాలజీ చదివిన అమ్మాయికి అనలిటిక్స్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉంది. ఉక్కు కంపెనీలు ఇప్పుడు విదేశాల్లో ఇనుప ఖనిజం గనులు తీసుకుంటున్నాయని, అలాంటి చోటే పనిచేస్తానని అంటోంది. మా బంధువేమో ఆస్ట్రేలియాలో ఏడాదిపాటు మైనింగ్ డేటా అనలిటిక్స్ (గనుల అంకెలను కంప్యూటర్‌లో విశ్లేషించే కోర్సు) చేస్తే చాలు, హాయిగా ఏసీ గదిలో ఉద్యోగం అంటున్నారు. ఎమ్మెస్సీ జియాలజీ, మైనింగ్ ఇంజినీరింగ్, అనలిటిక్స్... ఈ మూడింటిలో ఏది మేలు? గనులంటే మాకు భయం. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ, అంత దూరం పంపి, అప్పు కూడా చేశాక గని మూతపడితే పిల్ల గతేమిటన్న భయం మాత్రం మారదు.

ఆ భయం ఉత్తిది కాదు. గని తీసుకున్నామని పేపర్లో వార్త వచ్చినంత మాత్రాన ఖనిజం ఓడెక్కదు. అలకగానే పండగైందా? ఆఫ్రికా దేశం గినియాలో సిమాండు కొండలున్నాయి. అక్కడి ఖనిజంలో ఇనుము 65 శాతం దాకా ఉంటుంది. ఉక్కు కంపెనీలు కళ్లకద్దుకునే సరుకది. రియో టింటో అనే పెద్ద గనుల కంపెనీ చేతికి అన్వేషణ అనుమతి 1997లో వచ్చింది. 2008లో ప్రభుత్వం ఉత్తర భాగాన్ని వెనక్కి తీసుకుని వేరేవాళ్లకిచ్చింది. తర్వాత వివాదాలు, మారే ప్రభుత్వాలు. పైగా సముద్రం దాకా 600 కిలోమీటర్లకు పైగా రైలు మార్గం, ఒక కొత్త రేవు కట్టాలి. చివరికి ప్రారంభోత్సవం 2025 నవంబరులో జరిగింది. ఆ ఒక్క గనినే నమ్ముకుని 1997లో చదువు ముగించిన అమ్మాయి ఉంటే, ఇప్పుడామె యాభై దాటి ఉండేది.

ధరలూ అంతే నిలకడ. 2015 చివర్లో టన్ను 40 డాలర్ల లోపుకి పడింది, 2021 మే నెలలో 230 డాలర్లు దాటింది. అందుకే నేను పిల్లలకు ఒకటే చెబుతాను: ఒక గనిని చూసుకుని చదవొద్దు, ఏ గనికైనా పనికొచ్చే విద్య చూసుకోండి.

మీ అమ్మాయి దగ్గర ఆ విద్యకు పునాది ఉంది. డ్రిల్లింగులో బయటికి వచ్చిన రాతి కడ్డీలను (వీటినే కోర్ అంటారు) ట్రేలలో వరసగా పేరుస్తారు. వాటిని తడిపి, లెన్సుతో చూసి, అయస్కాంతం ఆనించి, గరుకు పింగాణీ బిళ్ల మీద గీస్తారు. ఎర్రటి గీత పడితే హెమటైట్, నల్లగా పడితే మాగ్నెటైట్, పసుపు కలిసిన గోధుమరంగైతే గోథైట్. మూడూ ఇనుప ఖనిజం రకాలే. ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది. కానీ మేలిరకం హెమటైట్‌ను పగలగొట్టి, జల్లించి ఓడకెక్కించవచ్చు. మాగ్నెటైట్ రాయినైతే చాలాచోట్ల పిండిలా నూరి, ఇనుమును వేరుచేయాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో చైనా కంపెనీ సిటిక్ తెరిచిన సైనో ఐరన్ గని మాగ్నెటైట్‌దే. దాని ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లయింది.

ఇక ఆ ఏడాది కోర్సు. నాకు దానిమీద నమ్మకం తక్కువ. అలాంటిదే చేసొచ్చిన ఒకబ్బాయికి ఇంటర్వ్యూలో ఒక పట్టిక ఇచ్చారు. అతను చకచకా సగటు తీసి, రంగురంగుల గ్రాఫ్ గీశాడు. ఒక శాంపిల్‌లో ఇనుము 78 శాతమని ఉన్న సంగతి పట్టించుకోలేదు. ఆ మూడు రకాల్లో ఇనుము ఎక్కువుండేది మాగ్నెటైట్, అది స్వచ్ఛంగా ఉన్నా 72 శాతం చిల్లరే. అంటే అంకె తప్పని చూడగానే తెలియాలి. అతనికి తెలివి లేక కాదు, రాయిని ఎప్పుడూ పట్టుకోలేదంతే. మీ బంధువు చెప్పిన ఏసీ గది నిజమే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా గనుల డ్రైవర్ లేని రైళ్లను సుమారు 1,500 కిలోమీటర్ల అవతల, పెర్త్‌లో కూర్చుని చూసుకుంటారు. కానీ ఏడాది సర్టిఫికెట్ చూసి ఆ కుర్చీ ఇస్తారని ఎవరన్నారు? పైథాన్ అనే కంప్యూటర్ భాష, గణాంకాలు ఎమ్మెస్సీ చదువుతూ సాయంత్రాలు నేర్చుకోవచ్చు. కొండెక్కడం సాయంత్రం క్లాసుల్లో రాదు.

మైనింగ్ ఇంజినీరింగ్ మంచి చదువే. బీఎస్సీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి నాలుగేళ్లు అవసరమా అన్నదే నా సందేహం. అమ్మాయికి పేలుళ్లు, యంత్రాలే ఇష్టమైతే తప్ప వద్దు.

భద్రత సంగతి దాచను. బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యో ఇనుప గనిలో 2019 జనవరిలో వ్యర్థాల ఆనకట్ట తెగి 270 మంది పోయారు. ఆ బురద ముంచెత్తిన వాటిలో గని కార్యాలయాలు, క్యాంటీన్ ఉన్నాయి. ఆఫీసు పనైతే ప్రమాదం లేదనుకోవడం మన ఊహ. గనుల దగ్గర ఉద్యోగులుండే క్యాంపుల్లో ఆడవాళ్లు ఎదుర్కొనే వేధింపుల మీద పశ్చిమ ఆస్ట్రేలియా శాసనసభ కమిటీ 2022లో ఘాటైన నివేదికే ఇచ్చింది. కాబట్టి ఉద్యోగమిచ్చేవాళ్లను జీతం కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి: గదికి తాళం ఎలా ఉంటుంది, ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు, ఎన్ని వారాల పనికి ఎన్ని రోజుల సెలవు. ఇవి అడిగిందని ఉద్యోగం ఇవ్వని కంపెనీ మనకొద్దు.

ఇప్పుడు కొంచెం కోప్పడతాను, ఏమనుకోకండి. మీరు రాసిన రెండు పేజీల ఉత్తరంలో బంధువు మాటలే పేజీన్నర. అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం. మూడేళ్లు జియాలజీ ఇష్టంగా చదివిన పిల్లను పెళ్లి భోజనాల దగ్గర విన్న మాటతో దారి మళ్లిస్తారా? ఆ బంధువు ఎప్పుడైనా గని చూశారా? అడిగారా?

మీరు కంగారుపడాల్సినంత ఏమీ లేదు. ఇనుప ఖనిజం దగ్గర నేర్చుకున్న కోర్ లాగింగ్ (రాతి కడ్డీలను చూసి వివరాలు రాసుకోవడం), నిల్వల అంచనా రాగి దగ్గరా పనికొస్తాయి, సున్నపురాయి దగ్గరా పనికొస్తాయి. విదేశం ఈ ఏడాదే వెళ్లాలని లేదు, రెండేళ్ల పని అనుభవంతో వెళ్తే అప్పూ తగ్గుతుంది.

నా ఓటు ఎమ్మెస్సీ జియాలజీకే. చేర్చే ముందు ఆ కాలేజీకి వెళ్లి, ఫీల్డ్ వర్క్ ఎన్ని రోజులో, కోర్ ట్రేలు చేతికిస్తారో లేదో కనుక్కోండి. ఆ ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి. మీరు పక్కన కూర్చోండి.