మూడో అధికరణం చదివాక రాయండి

ప్రియ మిత్రులకు,

నమస్కారం. మీ వ్యాసం రెండుసార్లు చదివాను. జపాన్ గురించిన పేరా బాగుంది. అయితే "మంచి మిత్రులున్న సంపన్న దేశానికి సైన్యం మీద ఖర్చు దండగ" అన్న వాక్యం దగ్గర నా మనసు చివుక్కుమంది. ఈ ఉత్తరం దానికోసమే.

ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టేనన్న, నాటో సైనిక కూటమి ఒప్పందంలోని ఐదో అధికరణాన్ని మీరు మూడుచోట్ల ఉదహరించారు. ఆ అధికరణం అక్కడితో ముగియదు. సాయుధ బలప్రయోగంతో సహా, తనకు అవసరమని తోచిన చర్యను ప్రతి దేశమూ తీసుకుంటుందని తరువాయి భాగంలో ఉంది. ఏది అవసరమో తేల్చేది సాయం చేసేవారే గాని అడిగేవారు కాదు. పైగా 1949 నాటి ఆ ఒప్పందంలో దానికంటే ముందు మూడో అధికరణం ఉంది. దాడిని ఎదుర్కొనే శక్తిని సభ్యదేశాలు స్వయంకృషితోనూ పరస్పర సహాయంతోనూ నిలుపుకొని పెంచుకోవాలని అది చెబుతుంది. అందులో స్వయంకృషి మాటే ముందు వస్తుంది.

నా తొలి వ్యాసం కోసం ఈ రెండు అధికరణాలనూ గ్రంథాలయంలో కూర్చుని చేత్తో ఎత్తి రాసుకున్నాను. పాఠకులకు విసుగు పుడుతుందంటూ ఒక సంపాదకుడు రెంటినీ కొట్టివేసి, ఆ చోట "చిరకాల మైత్రి" అని చేర్చి నా పేరుతోనే అచ్చువేశారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. దేశాల గురించి రాసేటప్పుడు స్నేహం, సోదరభావం వంటి మాటలను నేను మళ్లీ ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోకండి, ఎందుకంటే అవి వచ్చిన చోట ఒప్పందంలో ఏముందో చూడాలన్న ఆలోచనే ఆగిపోతుంది.

1938లో చెకొస్లొవేకియాకు సరిహద్దు కోటలున్నాయి, పేరుమోసిన ఆయుధ కర్మాగారాలున్నాయి, ఫ్రాన్స్‌తో ఒప్పందమూ ఉంది. మ్యూనిక్‌లో ఆ ఫ్రాన్స్‌తో సహా నాలుగు దేశాల నాయకులు దాని భూభాగాన్ని జర్మనీకి అప్పగించే పత్రం మీద సంతకాలు చేస్తుంటే, దాని ప్రతినిధులిద్దరు హోటల్‌లో కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. వారిని చర్చలకు పిలవనేలేదు. అంత బలగం ఉన్న దేశం కూడా, మిత్రులు రాకపోతే ఒంటరిగా నిలవలేమన్న లెక్కతో తలవంచింది.

ముప్పు వచ్చినప్పుడు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చని మీరు అనుకుంటున్నట్టున్నారు. 2023 మార్చిలో ఐరోపా సమాఖ్య ఏడాదిలోగా యుక్రెయిన్‌కు 10 లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని మాటిచ్చింది. గడువు నాటికి అందినవి దాదాపు సగమే. ఆ దేశాలకు డబ్బు కొరత లేదు. గుండ్లు పోతపోసే కార్ఖానాలను, వాటిలో నింపే మందుగుండు తయారీని ఏళ్ల తరబడి తగ్గించుకుంటూ వచ్చినందువల్ల, డబ్బు చేతిలో ఉన్నా సరుకు చేతికి రాలేదు.

మిత్రులు వద్దని నేను అనడం లేదు. రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్న ఫిన్లాండ్ నిర్బంధ సైనిక సేవను ఏనాడూ వదులుకోలేదు. 2023లో నాటోలో చేరేనాటికి తన ఇంటిని తాను కాచుకోగల దేశంగానే చేరింది.

చివరగా కువైట్ గురించి. 1990 ఆగస్టు 2న ఇరాక్ దండెత్తితే, అంత సంపద ఉన్న ఆ దేశం రెండు రోజులు కూడా నిలవలేదు. దాన్ని విడిపించింది అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలేనని మీరు రాసింది నిజమే. కానీ విముక్తి 1991 ఫిబ్రవరి చివర్లో గాని రాలేదు. నడుమ గడిచిన దాదాపు ఏడు నెలలు అక్కడి జనం ఆక్రమణ కింద ఎలా బతికారో మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. అది రాసి, వ్యాసాన్ని మళ్లీ పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి