వాగు నీళ్లు వేరు, గోదారి పోటు వేరు

అత్తగారి ఊరికి వాగు దాటే వెళ్లాలి, ఇంట్లో నెలలు నిండిన ఆడపడుచు, మంచం పట్టిన మామగారు ఉన్నారు, వాన ముదిరితే ఎప్పుడు కదలాలి అని అడిగారు కదండీ. మాది కూనవరం దగ్గర పల్లె. శబరి వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. వానాకాలం వస్తే మా ఇంట్లోనూ ఇదే చర్చ.

ముందు మీ దారిని ముంచేది ఏ నీళ్లో తేల్చుకోండి. కొండల్లో కురిసిన వానకు పొంగే వాగు ఉన్నట్టుండి వస్తుంది, వాన తెరిపిస్తే చాలావరకు గంటల్లో తీస్తుంది. చింతూరు, వీఆర్‌పురం మధ్య సోకిలేరు అలాంటిదే. దానికి ఓపిక పట్టడం ఒక్కటే మార్గం. మోకాలి లోతే కదా అని బండి దింపొద్దు. అడుగు లోతు నీళ్లయినా వడి ఉంటే బైకును ఈడ్చేస్తాయి, కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే పైకి కనపడదు కూడా.

గోదారి సంగతి వేరు. మా ఊళ్లో ఎండ కాస్తున్నా పైన ప్రాణహిత, ఇంద్రావతి పొంగితే చాలు, నది నిండి శబరి నీళ్లను వెనక్కి ఎగదన్నుతుంది. చప్పుడు లేకుండా చేల మీదుగా వచ్చి రోడ్డెక్కిందంటే రోజుల తరబడి దిగదు. అందుకే మేం మబ్బును కాదు, భద్రాచలం దగ్గర నీటిమట్టాన్ని చూస్తాం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ 75.6 అడుగులొచ్చిన 1986తోనే పోలుస్తారు.

మా నానమ్మకు ఆ అంకెలతో పని లేదు. పొద్దుగూకే వేళ నీటి అంచున కందిపుల్ల ఒకటి గుచ్చి వస్తుంది. రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి చూస్తుంది. పుల్ల మొదలు మునిగి, నీళ్లలో ఎర్రమట్టి, చెత్త కొట్టుకొస్తుంటే నిద్రపోతున్న వాళ్లందరినీ లేపేస్తుంది. ఆమె లేపాక సర్దడం గురించి మా ఇంట్లో వాదన ఉండదు.

మీ ఆడపడుచు విషయంలో మాత్రం ఏ హెచ్చరిక కోసమూ ఆగకండి. మా వదినకు నెలలు నిండినప్పుడు, రోడ్డు పొడిగా ఉండగానే ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న బంధువుల ఇంట దింపాం. "ఇప్పటినుంచే ఎందుకురా?" అని చుట్టాలు అన్నారు. అననివ్వండి. వాగు పొంగాక 108 అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. మామగారికీ ఇదే మాట, ఆయనకు నెలకు సరిపడా మందులు కూడా ముందే తెచ్చిపెట్టండి.

మిగతాదంతా మీకూ తెలిసే ఉంటుంది: బియ్యం అటక మీదికి, పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలోకి, కరెంటు పోకముందే ఫోన్ల ఛార్జింగు. చీకట్లో కట్టెల మోపులో చేయి పెట్టకండి, నీటికి పాములు మెరకకే వస్తాయి.

ఇల్లు కదలనివ్వనిది చాలాసార్లు పశువులే. మగవాళ్లు "గొడ్లను వదిలి ఎలా వస్తాం" అని ఉండిపోతారు. అందుకే ముందు వాటిని మెరకకు తోలండి, ఎండుగడ్డి కూడా అక్కడికే చేర్చండి. తోలే వ్యవధి లేకపోతే పలుపులు విప్పేయండి, అవి ఈదగలవు. కట్టేసి మాత్రం రాకండి.