టెన్నిస్ ఎల్బోకి విశ్రాంతి ఒక్కటే చాలుతుందా?

చాలదు, మౌస్ పట్టుకున్నా, తడిబట్ట పిండినా మోచేయి బయటివైపు లాగే ఈ నొప్పికి మెల్లగా బరువు పెంచే వ్యాయామమే అసలు చికిత్స. పదేపదే ఒకే పనితో దెబ్బతిన్న టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) తగినంత భారం పడితేనే గట్టిపడుతుంది, వాడకం పూర్తిగా ఆపేస్తే ఇంకా బలహీనపడుతుంది.

ఉదాహరణకు, ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టును అంచు బయటకు వదలండి. అర కిలో డంబెల్‌ను రెండో చేతి సాయంతో పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో 4 సెకన్లలో దించండి. 15 సార్లు చొప్పున 3 విడతలు, రోజూ. పదికి 3 స్థాయి నొప్పి ఫర్వాలేదు. మర్నాటి పొద్దునకీ తగ్గకపోతే బరువు ఎక్కువైనట్టే. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, ఈలోపే మానేయకండి.

ఇదంతా వాపేనని, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోతుందని అనుకోవడం పొరపాటు. కొన్ని వారాలు హాయిగా ఉన్నా నొప్పి తిరగబెట్టడం మామూలే.