ఆర్‌ఓ కావాలా, యూవీ చాలా? ముందు మీ కుళాయిలో వచ్చేది ఏ నీళ్లో తెలుసుకోండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడలో అపార్ట్‌మెంట్. సంపులోకి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) నీళ్లూ బోరు నీళ్లూ రెండూ వస్తాయి. ఎండాకాలంలో ట్యాంకర్లు కూడా తెప్పిస్తారు. మా అత్తగారికి 68 ఏళ్లు, బీపీ ఉంది. బాబుకి 10 నెలలు. మొన్నామధ్య మావారికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ఫిల్టర్ కొందామని పిలిస్తే ఒకతను వచ్చి మా కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. ‘మీరు తాగుతున్నది ఇదే’ అని చెప్పి కాపర్, ఆల్కలైన్ ఉన్న ఆర్‌ఓ తీసుకోమంటున్నాడు. మా ఆడపడుచేమో ఆర్‌ఓ నీళ్లు తాగితే ఎముకలు గుల్లబారతాయంటోంది. ఏది కొనాలి డాక్టర్ గారూ?
– ఒక గృహిణి

జవాబు: ముందు ఆ కడ్డీల సంగతి తేల్చేద్దామమ్మా. ఆ పరికరంలో ఒక కడ్డీ ఇనుముది ఉంటుంది. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు సహజంగానే ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది. పారుతున్నకొద్దీ ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. మీరు చూసిన గోధుమరంగు మడ్డి ఆ తుప్పే. ఆర్‌ఓ (సన్నని పొర గుండా లవణాల్ని వడకట్టే మెషీన్) నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే అవి తేటగా మిగిలిపోతాయి. అతను మళ్లీ వస్తే ఆ ఆర్‌ఓ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి చూపించమనండి. అవీ అదే రంగుకి తిరుగుతాయి. మీరు మాత్రం ఆ పరికరాన్ని ముట్టుకోవద్దు, అది నేరుగా ఇంటి కరెంటు మీద నడుస్తుంది. మీవారికి టైఫాయిడ్ తెచ్చిన సూక్ష్మజీవి నీళ్లలో ఉందో లేదో ఆ కడ్డీలు చెప్పలేవు.

జాగ్రత్త పడాల్సింది ఆ సూక్ష్మజీవుల గురించే. టైఫాయిడ్, కలరా, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ, పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటా వైరస్ మురుగు కలిసిన నీళ్ల ద్వారా ఇంట్లోకి వస్తాయి. రోజుకి కాసేపే నీళ్లు వదిలే ఊళ్లలో, సరఫరా ఆగిన వేళ పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా చిల్లుంటే చుట్టుపక్కల మురుగుని పైపు లోపలికి లాగేసుకుంటుంది. అందుకే ఏ ఇంటికైనా సూక్ష్మజీవులు మొదటి లెక్క, లవణాలు రెండో లెక్క. అమ్మేవాళ్లు ఎక్కువగా ఈ రెండోదాన్నే చూపించి భయపెడతారు. టైఫాయిడ్ బయటి తిండి వల్ల కూడా రావచ్చు, దాన్ని ఏ ఫిల్టరూ ఆపదు. ఆరు నెలలు దాటిన పిల్లలకి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఉంది. బాబుకి వేయించారో లేదో చూసుకుని, లేకపోతే మీ పిల్లల డాక్టర్ని అడగండి.

ఇక మీ నీళ్ల సంగతి. జీవీఎంసీ నీళ్లలో ఎక్కువ భాగం రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, ముడసర్లోవ లాంటి జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి వస్తాయి. ఇవి నేల మీద పారే నీళ్లు కాబట్టి సాధారణంగా లవణాలు తక్కువ. వానాకాలంలో మాత్రం మట్టి ఎక్కువ. బోరు నీళ్లు దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంటాయి: చూడ్డానికి తేట, లోపల లవణాలు, కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చేది) ఎక్కువ. సముద్రానికి దగ్గరగా ఉండి విపరీతంగా తోడేసే చోట ఉప్పునీరు కూడా బోర్లలోకి చొరబడుతుంది. మీ సంపులో ఈ రెండూ కలుస్తున్నాయి, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు తోడవుతున్నాయి. అంటే మీ వంటింటి కుళాయిలో జనవరిలో ఒక రకం నీళ్లు, మే నెలలో ఇంకో రకం నీళ్లు.

కాబట్టి మెషీన్ కన్నా ముందు ఒక టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ కొనండి. రూ.200 నుంచి రూ.500 లోపు దొరుకుతుంది. గ్లాసుని అదే నీళ్లతో రెండుసార్లు కడిగి నింపి, మీటర్ కొన గీత వరకే ముంచి, అంకె నిలకడగా ఆగాక రాసుకోండి. మూడు చోట్ల చూడాలి: జీవీఎంసీ నీళ్లు వదిలినప్పుడు సంపులో పడే పైపు దగ్గర, బోరు మోటారు పైపు దగ్గర, మీ వంటింటి కుళాయి దగ్గర. ఇప్పుడొకసారి, మే నెలలో ఒకసారి. మే నెల అంకెనే నమ్మి నిర్ణయం తీసుకోండి.

ఈ మీటర్ చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల మొత్తం ఒక్కటే. 60 చూపించే నీళ్లలో టైఫాయిడ్ క్రిమి ఉండొచ్చు, 300 చూపించే నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు. అందుకే ఒక్కసారైనా ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, కాఠిన్యం 200, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే దారి లేని చోట టీడీఎస్ 2000 వరకు, కాఠిన్యం 600 వరకు, ఫ్లోరైడ్ 1.5 వరకు అనుమతిస్తారు. నైట్రేట్ మాత్రం 45 దాటకూడదు, అందులో సడలింపు లేదు. 100 మిల్లీలీటర్లలో ఈ-కొలై (మురుగు కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనిపించకూడదు. ఈ-కొలై పరీక్షకి ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసాలోనే నీళ్లు పట్టాలి. కుళాయి మూతికి తగిలించిన జాలీ, పైపు తీసేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, సీసా అంచుని వేలితో తాకకుండా పట్టి, ఐస్ పెట్టిన డబ్బాలో 6 గంటల్లోపు అందించండి. ఉతికిన మినరల్ వాటర్ సీసాలో పట్టుకెళ్తే వచ్చిన ఫలితానికి అర్థం ఉండదు.

ఇప్పుడు మెషీన్లు. యూఎఫ్ అంటే 0.01 మైక్రాన్ రంధ్రాలున్న సన్నని గొట్టాల కట్ట. మట్టిని, బ్యాక్టీరియాని, అమీబా లాంటి జీవుల గుడ్లని ఆపుతుంది. కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు. వైరస్‌ల విషయంలో మాత్రం పూర్తి భరోసా లేదు. యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం వైరస్‌లతో సహా అన్నిటినీ పెరగకుండా చేస్తుంది, కానీ నీళ్లు తేటగా ఉంటేనే. మట్టి రేణువు చాటున దాగిన క్రిమికి ఆ కాంతి తగలదు. వానలు పడ్డప్పుడు ఎర్రగా వచ్చే నీళ్లకి ఒంటరి యూవీ చాలకపోవడానికి కారణం ఇదే. ఈ రెండూ లవణాల్ని ముట్టుకోవు. ఆర్‌ఓ ఒక్కటే లవణాల్ని, ఫ్లోరైడ్‌ని, నైట్రేట్‌ని తీస్తుంది. బదులుగా మామూలు ఇంటి మెషీన్‌లో ఒక లీటరు మంచి నీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది ఈ వృథా చూసే.

మీ ఇంటికి నా సలహా ఇది. మే నెలలో కూడా వంటింటి కుళాయి టీడీఎస్ 500 లోపే ఉండి, ల్యాబ్ రిపోర్టులో ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దులోనే ఉంటే యూఎఫ్, యూవీ రెండూ ఉన్న మెషీన్ చాలు, ఆర్‌ఓకి డబ్బు పెట్టొద్దు. 500 నుంచి 900 మధ్య ఉంటే రుచిని బట్టి, కాఠిన్యాన్ని బట్టి మీ ఇష్టం. 900 దాటినా, టీడీఎస్ ఎంతున్నా ఫ్లోరైడ్ 1.5 గానీ నైట్రేట్ 45 గానీ దాటినా ఆర్‌ఓ తప్పదు. మీలా కలగలుపు నీళ్లు వచ్చే ఇళ్లకి తరచుగా ఆర్‌ఓ, యూవీ కలిసిన మెషీనే అవసరమవుతుంది. ఆర్‌ఓ మెషీన్‌కి ఐఎస్ 16240, యూవీ మెషీన్‌కి ఐఎస్ 14724 ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. కాపర్, ఆల్కలైన్ అన్నవాటికి అదనంగా ఇచ్చే డబ్బుతో ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. తాగిన నీళ్లు ఎంత క్షారంగా ఉన్నా కడుపులోని ఆమ్లం వాటిని నిమిషాల్లో మార్చేస్తుంది.

ఎముకల భయం కూడా అక్కర్లేదు. లీటరుకి 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే వచ్చేది 80 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలో దాదాపు 240 ఉంటుంది. 100 గ్రాముల చోడి (రాగి) పిండిలో 300కి పైనే. కాల్షియం కోసం అత్తగారికి చోడి అంబలి ఇవ్వండి, నీళ్ల మీద ఆధారపడొద్దు. అయితే ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్ల టీడీఎస్ మరీ 20, 30కి దించాల్సిన పనీ లేదు, 80 నుంచి 150 మధ్య ఉంటే రుచీ బాగుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. టీడీఎస్ కంట్రోలర్ అని మెషీన్ లోపల చిన్న మర ఉంటుంది. అది శుద్ధి కాని నీళ్లని కొంత తీసుకొచ్చి ఆర్‌ఓ నీళ్లలో కలుపుతుంది. నీళ్లు చప్పగా ఉన్నాయని ఫిర్యాదు చేస్తే మెకానిక్ దాన్నే తిప్పి వెళ్తాడు. మీ బోరులో ఫ్లోరైడ్ ఉంటే అది అలా తిరిగి గ్లాసులోకి వస్తుంది. రిపోర్టులో ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువగా ఉన్నవాళ్లు ఆ మర పూర్తిగా మూయించి, మినరల్ కాట్రిడ్జ్ (శుద్ధి అయిన నీళ్లలో లవణాలు కలిపే గొట్టం) ఉన్న మోడల్ తీసుకోవాలి. ఏ మోడల్ అయినా అలా కలిసిన నీళ్లు యూవీ గుండా వెళ్తున్నాయో లేదో అడగండి.

బీపీ ఉన్న అత్తగారి కోసం ఇంకో విషయం. మీ అపార్ట్‌మెంట్‌కి సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందా? అది కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. కాఠిన్యం 300 ఉన్న నీళ్లలోకి లీటరుకి దాదాపు 138 మిల్లీగ్రాముల సోడియం అలా చేరుతుంది. టీడీఎస్ అంకె మాత్రం పెద్దగా మారదు. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఆ నీళ్లని నేరుగా తాగకూడదు, ఆర్‌ఓ దాటి రావాలి. కఠిన జలం తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయన్న భయం మాత్రం వదిలేయండి. రాళ్లకి అసలు కారణాల్లో ముందుండేది నీళ్లు తక్కువ తాగడం.

మంచి మెషీన్లు కూడా ఎక్కువగా పాడయ్యేది అమర్చిన తీరు వల్ల, మార్చాల్సినవి మార్చకపోవడం వల్ల. స్టవ్ పక్కన, ఎండ తగిలే గోడకి పెట్టించకండి, పారదర్శక ట్యాంకులో పాచి పడుతుంది. మెషీన్ ముందు బయట వేలాడే గిన్నెలో 5 మైక్రాన్ల తెల్లటి స్పన్ ఫిల్టర్ ఉండాలి. అది మట్టిరంగుకి తిరగ్గానే మార్చాలి. వానాకాలంలో మూడు నెలలు కూడా రాదు. లోపలి కార్బన్ ఫిల్టర్ 6 నుంచి 12 నెలలు. కార్బన్ చేసే ముఖ్యమైన పని క్లోరిన్‌ని పీల్చడం. అది అయిపోతే క్లోరిన్ నేరుగా ఆర్‌ఓ పొరని తినేస్తుంది. వందల రూపాయల కార్బన్ మార్చక వేల రూపాయల పొర పోగొట్టుకునేది ఇక్కడే. యూవీ దీపం నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు, ఏడాదికి దాని శక్తి తగ్గిపోతుంది, వెలుగుతున్నా మార్చాలి.

ఆర్‌ఓ పొర ఎప్పుడు మార్చాలో మెకానిక్ చెప్పక్కర్లేదు, మీరే లెక్క కట్టొచ్చు. కంట్రోలర్ మర మూసి, లోపలికి వెళ్లే నీళ్ల అంకెలోంచి బయటికి వచ్చే నీళ్ల అంకె తీసేసి, లోపలికి వెళ్లే అంకెతో భాగించండి. 700 వెళ్లి 60 వస్తే 91 శాతం, బాగుంది. 700 వెళ్లి 200 వస్తే 71 శాతం, పొర పోయింది. 80 శాతం కంటే తగ్గితే మార్చేయండి. మార్చిన ప్రతి కాట్రిడ్జ్ మీద మార్కర్‌తో తేదీ రాయించండి. తీసేసిన పాతదాన్ని మీ ముందే కోయించండి, లేకపోతే ఇంకో ఇంట్లో కొత్తదిగా తేలే ప్రమాదం ఉంది. కొత్త ఫిల్టర్లు వేశాక మొదటి రెండు ట్యాంకుల నీళ్లు పారబోయాలి.

కార్బన్ దాటిన నీళ్లలో క్లోరిన్ ఉండదు, అంటే కాపలా ఉండదు. ట్యాంకులో నిల్వ ఉన్న ఆ నీళ్లలో ఒక్క క్రిమి చేరినా పెరుగుతుంది. వారం ఊరెళ్లి వస్తే ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ నింపండి. పట్టిన నీళ్లని బిందెలో పోసి గ్లాసు ముంచి తాగే అలవాటుంటే ఫిల్టర్ చేసిన పని అక్కడితో పోతుంది. కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము గానీ, పొడవు కాడ ఉన్న గరిటె గానీ వాడండి.

బయటికి పోయే నీళ్లు బకెట్లో పట్టి నేల తుడవడానికి, బాత్రూమ్‌కి వాడుకోండి. వచ్చే నీళ్లు 700 ఉంటే పోయే నీళ్లు 900 నుంచి 1000 దాకా ఉంటాయి, కుండీల్లో మొక్కలకి రోజూ పోయొద్దు.

సంపు సంగతి అపార్ట్‌మెంట్ సంఘంతో మాట్లాడండి. ఆరు నెలలకోసారి కడిగించడం, మూత అంచులు సిమెంటుతో మూయించడం, సెప్టిక్ ట్యాంకుకి దూరం చూసుకోవడం. ట్యాంకర్ నీళ్లు దించిన రోజున 1000 లీటర్లకి 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ వేయాలి. పొడిని ముందు మగ్గు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే సంపులో పోసి గంట ఆగి వాడాలి.

బాబుకి ఏ మెషీన్ నీళ్లయినా మరిగించి చల్లార్చే పట్టండి, ఏడాది నిండేదాకా. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న బోరు నీళ్లు మరిగించి పసివాడికి పట్టడం అందుకే ప్రమాదం.

చివరగా, విశాఖలో ఉంటున్నారు కాబట్టి తుపాను రోజులు కూడా లెక్కలోకి తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక రోజుల తరబడి కరెంటు లేదు. ఆర్‌ఓ మెషీన్ మోటారు, యూవీ దీపం అప్పుడు పనిచేయవు. తుపాను హెచ్చరిక రాగానే కుటుంబానికి మూడు రోజులకి సరిపడా తాగే నీళ్లు పట్టి మూత పెట్టుకోండి. అవి అయిపోతే, దొరికిన నీళ్లు మట్టిగా ఉంటే తేరనిచ్చి మడిచిన నూలుగుడ్డతో వడకట్టి, బుడగలు తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం పూర్తిగా మరిగించండి. గ్యాస్ అందుబాటులో లేకపోతే క్లోరిన్ మాత్రలు, డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం. మాత్ర వేశాక అరగంట ఆగాలి. అప్పుడు లేతగా క్లోరిన్ వాసన వస్తుంటే తాగొచ్చు. రాకపోతే ఇంకోసారి అదే మోతాదు వేసి మరో అరగంట ఆగండి.