స్లాబు పనిలో చావు: ‘గుండె ఆగింది’ అని రాస్తే పరిహారం పోయినట్టేనా?

ప్రశ్న: మా అన్న (35) సెంట్రింగ్ మేస్త్రీ కింద రోజుకు ఎనిమిది వందల కూలికి పనిచేసేవాడు. 2024 మే 21న స్లాబు వేస్తుండగా మధ్యాహ్నం రెండున్నరకు పొంతన లేకుండా మాట్లాడుతూ కుప్పకూలాడు. 108లో తీసుకెళ్లాం, సాయంత్రానికే పోయాడు. పోస్టుమార్టం చేయించలేదు. మరణ ధ్రువపత్రంలో గుండె ఆగి చనిపోయాడని ఉంది. ముందురోజు రాత్రి తాగాడని, బీపీ ఉందని, ఎండ అందరికీ ఒకటేనని బిల్డరు అంటున్నాడు. స్టాంపు పేపరు మీద సంతకం పెడితే రెండు లక్షలిస్తాడట. తెలిసిన డాక్టరొకాయన వడదెబ్బ అని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. వదినకు ఇద్దరు చిన్నపిల్లలు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు, మేస్త్రీ నీళ్లు పెట్టించలేదని, బిల్డరు శవాన్ని చూడటానికైనా రాలేదని. కేసు తేలేది అక్కడ కాదు. చివర్లో జతచేసిన ఆస్పత్రి కేస్ షీటు ఫొటోలో, ఎమర్జెన్సీలో చేర్చుకున్నప్పుడు నర్సు రాసిన ఒక వరుస ఉంది: ఒంటి వేడి 106 డిగ్రీల ఫారెన్‌హీట్, చర్మం పొడి, స్పృహ సరిగా లేదు. దాని ఊసే మీరు ఎత్తలేదు. మీ కేసుకు ప్రాణం ఆ వరుసే.

ఎండలో పనిచేస్తున్న మనిషికి ఒంటి వేడి 104 దాటి మాట తడబడితే డాక్టర్లు ముందు అనుమానించేది వడదెబ్బనే. గుండె చివరికి ఎవరికైనా ఆగుతుంది, ఎందుకు ఆగిందన్నదే కోర్టుకు కావాలి. డ్యూటీలో ఉండగా గుండెపోటు వచ్చినంత మాత్రాన పరిహారం రాదని, పని ఒత్తిడికీ చావుకూ సంబంధం చూపాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. 2012లో అదే కోర్టు, వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి దారిలో చనిపోయిన డ్రైవరు కుటుంబానికి పరిహారం ఇప్పించింది. రెంటికీ తేడా ఆ సంబంధం రుజువు కావడమే.

‘ఎండ అందరికీ ఒకటే’ అన్న మాటకు జవాబు స్లాబు పనిలోనే ఉంది. కాంక్రీటు పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే జాయింటు పడుతుందని ఎవర్నీ దిగనివ్వరు. నడినెత్తిన ఎండ, కింద కాలిన సెంట్రింగ్ రేకు, నీడకు పోయే వీలు లేదు. దారిన పోయేవాడికి లేని ఈ ముప్పు మీ అన్నకు ఉద్యోగం వల్లే వచ్చింది. బీపీ ఉంటే ఉండనివ్వండి. ఓడ బాయిలర్ల దగ్గర బూడిద లాగుతూ వడదెబ్బతో చనిపోయిన బక్కచిక్కిన కార్మికుడి విషయంలో, ఒంట్లో బలహీనత ఉన్నా అది ప్రమాదమేనని 1908లోనే బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) తేల్చింది. ఇక తాగుడు మాట. మత్తులో ఉన్నాడన్న వాదన చావు కేసుల్లో యజమానికి పనికిరాదని 1923 ఉద్యోగుల పరిహార చట్టం సెక్షన్ 3లోనే ఉంది. యజమాని నిర్లక్ష్యాన్ని కూడా మీరు రుజువు చేయనక్కర్లేదు.

ఒక మాట గట్టిగానే అంటున్నాను. పోస్టుమార్టం వద్దని శవాన్ని తీసుకెళ్లడం పెద్ద పొరపాటు. ఆ తర్వాత ఇన్నాళ్లు చేతులు ముడుచుకు కూర్చోవడం అంతకన్నా పెద్దది. క్లెయిము చావు నాటినుంచి రెండేళ్లలోపు వేయాలి, అంటే మీకు 2026 మే వరకే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఈ క్లెయిములు విచారించే కమిషనర్‌కు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. 2025 నవంబర్ 21 నుంచి ఈ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చినా, మీ అన్న చనిపోయింది అంతకుముందు కాబట్టి హక్కు పాత చట్టం కిందే పుట్టింది.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు! మీ అన్నను బతికుండగా చూడని డాక్టరు ఇచ్చిన కాగితం క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాలు నిలవదు. అది పోతూ పోతూ నిజమైన కేస్ షీటు మీద కూడా అనుమానం పెట్టి పోతుంది. దొంగ సాక్ష్యం కింద మీ మీదా ఆయన మీదా కేసు పడుతుంది. చేతిలో నిజం పెట్టుకుని అబద్ధం ఎందుకు కొంటారు?

రెండు లక్షల సంగతి. పరిహారం హక్కును వదులుకుంటూ రాసిచ్చిన ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. చావు కేసులో డబ్బు కమిషనర్ దగ్గరే జమ చేయాలి, చేతికిస్తే పరిహారం ఇచ్చినట్టు కాదు. మీ అన్న వయసుకు చట్టం పట్టికలో ఉన్న గుణకం 197.06, నెల జీతం లెక్కలోకి వచ్చేది 15,000 వరకే. అందులో సగాన్ని గుణిస్తే 14,77,950 రూపాయలు. నెలలోపు ఇవ్వలేదు కాబట్టి 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా. ఈ లెక్క మీ వదినకు చెప్పండి.

క్లెయిము మీ పేరున కుదరదు. వదిన, పిల్లలు వేయాలి, మీ అమ్మ వితంతువైతే ఆమె కూడా. మీ వాళ్లు ఉంటున్న ప్రాంతపు కమిషనర్ దగ్గరే వేయొచ్చు. మేస్త్రీనీ, కాంట్రాక్టరునీ, బిల్డరునూ ముగ్గురినీ చేర్చండి. కాంట్రాక్టరు మనుషులకూ అసలు యజమానే బాధ్యుడని సెక్షన్ 12 చెబుతుంది. అన్నకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే ఈ చట్టం కింద కాదు, దారి అటు.

రేపే ఆస్పత్రికి వెళ్లి కేస్ షీటు మొత్తం కాపీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలో ఉంది. 108 రికార్డు, ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతపై వాతావరణ శాఖ ధ్రువపత్రం తెప్పించండి. హాజరు పుస్తకం వాళ్లు చూపించరు, మేస్త్రీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఫొటోలున్న ఫోను పారేయకుండా దాచండి. పక్కన పనిచేసిన ఇద్దరు ముగ్గురు ఇప్పుడు ఏ సైటులో ఉన్నారో కనుక్కుని, మరో ఊరు పోకముందే అఫిడవిట్లు రాయించండి. స్లాబు ఎన్నింటికి మొదలైంది, మధ్యాహ్నం దిగనిచ్చారా, నీళ్ల డ్రమ్ము ఏ అంతస్తులో ఉంది, ఈ మూడూ వాళ్ల మాటల్లోనే రావాలి. మీరు మూడు పేజీలు రాసిన నీళ్ల సంగతి పనికొచ్చేది అక్కడే.